నాలుగు వందల ఏళ్ల చుట్టరికం ఎలా తెలుస్తుంది?

చిరంజీవి బుజ్జమ్మకి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జమ్మ ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ల పూర్వీకులు మేఫ్లవర్ ఓడలో వచ్చారట. నాలుగు వందల ఏళ్ల కిందటి సంగతి వాళ్లకెలా తెలుసు? ఎవరైనా అలా చెప్పేసుకోవచ్చు కదా?" అంది. చాలా మంచి ప్రశ్న. ఫోన్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చిన్నోడికి నువ్వే చదివి వినిపించు.

ఆ ఓడ 1620 సెప్టెంబరులో ఇంగ్లండులోని ప్లిమత్ రేవు నుంచి, అమెరికాలో స్థిరపడాలనుకున్న 102 మంది ప్రయాణికులతో బయల్దేరింది. నవంబరులో మీరుండే మసాచుసెట్స్‌లోనే, కేప్ కాడ్ కొన దగ్గర లంగరు వేసింది. మొదటి చలికాలం గడిచేసరికి వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. బతికినవాళ్లలో జాన్ హౌలాండ్ అనే కుర్రాడున్నాడు. జాన్ కార్వర్ అనే పెద్దమనిషి దగ్గర పనికి కుదిరి వచ్చాడు. వాళ్లు తర్వాత మసాచుసెట్స్‌లోనే కట్టుకున్న ఊరి పేరు కూడా ప్లిమతే. ఆ కార్వరే ఆ వలసకి మొదటి గవర్నరు అయ్యాడు.

నడిసముద్రంలో తుపాను పట్టుకుంది. హౌలాండ్ కింద గదిలో ఉండలేక పైకి వచ్చాడు. ఓడ ఒక్కసారి ఒరిగేసరికి సముద్రంలో పడిపోయాడు. అదృష్టం చూడండి, పై తెరచాపని లాగే మోకు ఒకటి నీళ్లలో వేలాడుతోంది. అది చేతికి దొరికింది. కొన్ని నిలువుల లోతుకి మునిగిపోయినా పట్టు వదల్లేదు. పైవాళ్లు ఆ మోకుని లాగి, కొక్కెం కర్రతో అతన్ని ఓడలోకి చేర్చారు. తర్వాత అదే ఓడలో వచ్చిన ఎలిజబెత్ టిల్లీ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. పదిమంది పిల్లలు. పదిమందీ పెరిగి పెద్దవాళ్లయ్యారు. ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు, బుష్ తండ్రీ కొడుకులిద్దరూ వాళ్ల వంశంలోవాళ్లే. ఆ మోకు చేతికి అందకపోతే వీళ్లెవరూ లేరు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

సరే, ఇది ఎలా తెలిసింది? మన చేను తీసుకోండి. పోయిన సెలవుల్లో మీరు వచ్చినప్పుడు చేలోకి బోదెలో నీళ్లు పారుతుంటే కాళ్లు పెట్టి ఆడారు. ఆ నీళ్లు ధవళేశ్వరం నుంచి వస్తాయి. అక్కడ కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. మన చేలో పారే నీళ్లు గోదావరి నీళ్లేనని ఎలా రుజువు చేస్తావు? ధవళేశ్వరం వెళ్లి అక్కణ్ణుంచి కిందికి నడుస్తానంటే కుదరదు. అక్కడే నీళ్లు తూర్పు డెల్టాకీ, మధ్య డెల్టాకీ, పశ్చిమ డెల్టాకీ విడిపోతాయి. తర్వాత ప్రతి లాకు దగ్గరా చీలిపోతూనే ఉంటాయి. మనసు ఎటు లాగితే అటు నడిచి, చివరికి ఎవరి చేలోనో తేలి, ఇదే మాది అంటావు.

నడక మన చేను నుంచి మొదలవ్వాలి. బోదె వెంట పైకి వెళ్తే ఒక తూము వస్తుంది. ఈ నీళ్లు ఈ తూములోంచే వస్తున్నాయా అని వంగి చూడాలి. అవునని తేలాకే పంట కాలువ గట్టెక్కాలి. అది పెద్ద కాలువలో కలిసే చోట మళ్లీ ఆగి చూడాలి. నా చిన్నతనంలో మాది శివారు చేను. వంతు రోజు నీళ్లు రాకపోతే మా నాన్నగారు, "గట్టు వెంట పైకి పోయి ఎక్కడ ఆగిందో చూసి రారా" అని పంపేవారు. ఊరికే లాకుల దాకా పరిగెత్తుకెళ్లి వచ్చి "నీళ్లు వదిలారు నాన్నా" అంటే ఒప్పుకునేవారు కాదు. ఏ తూము దగ్గర ఏం చూశానో చెప్పాలి. గుర్రపుడెక్క అడ్డం పడిందా, ఎవరైనా మట్టికట్ట వేశారా, గట్టు తెగి నీళ్లు వేరే చేలోకి పోతున్నాయా. కాలువ కాపలా చూసే లస్కరు ఎదురైతే అతన్నీ అడిగేవాణ్ణి, కానీ అతని మాట విన్నాక కూడా నా కళ్లతో చూసి రావాల్సిందే.

వంశం వెతకడం కూడా అంతే, బుజ్జమ్మా. మీ క్లాసు పిల్ల హౌలాండ్ నుంచి మొదలుపెట్టకూడదు, తన నుంచి మొదలుపెట్టాలి. హౌలాండ్ అని ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఆ ఓడవాడి సంతానం అయిపోరు. జాన్ అన్నదమ్ములు ఆర్థర్, హెన్రీ ఇద్దరూ ఆ తర్వాత అదే వలసకి వచ్చారు. వాళ్ల పిల్లలూ హౌలాండులే. అదే ఊరి నీళ్లు, కానీ తూము వేరు.

ఆ పిల్ల బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మానాన్నల పేర్లుంటాయి. అది మొదటి తూము. వాళ్ల పెళ్లి కాగితంలో, జనన పత్రాల్లో తాతముత్తాతలు తగులుతారు. ఆ పైన అమెరికా జనాభా లెక్కలు. 1790 నుంచి పదేళ్లకోసారి రాస్తూ వచ్చారు. మనుషుల వివరాలు 72 ఏళ్లు దాచి ఉంచి తర్వాత చూడనిస్తారు. 1950 లెక్కలు 2022లో బయటపెట్టారు. అక్కణ్ణుంచి పదేసి ఏళ్లు వెనక్కి నడుస్తూ పోవచ్చు. మధ్యలో 1890 దగ్గర గట్టు తెగిపోయి ఉంటుంది. ఆ కాగితాలు 1921లో అగ్నిప్రమాదంలో పాడైపోయాయి, మిగిలింది బహు కొద్ది. 1850 దాకా ఇంట్లో ఉన్న అందరి పేర్లూ దొరుకుతాయి. అంతకు ముందు లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసి, మిగతావాళ్లని ఇంతమంది ఆడ, ఇంతమంది మగ అని అంకెల్లో వేశారు. మన కాలువ డ్రెయిను కిందనుంచి అండర్ టన్నెల్‌లో దూరి పోయినట్టన్నమాట. నీళ్లు ఉన్నాయి, కంటికి కనిపించవు. అవతలి ఒడ్డుకెళ్లి అవే నీళ్లని పట్టుకోవాలి.

ఆ అవతలి ఒడ్డు ఏమిటంటే వీలునామాలు, భూమి దస్తావేజులు, చర్చి పుస్తకాలు, ఊరి రికార్డులు, సమాధి రాళ్లు. ఆడపిల్ల పెళ్లయ్యాక ఇంటిపేరు మారి కాగితాల్లోంచి మాయమవుతుంది. ఆమెని తిరిగి పట్టిచ్చేది చాలాసార్లు తండ్రి వీలునామాయే. జాన్ హౌలాండ్ 1672లో వీలునామా రాయించాడు. అందులో కూతుళ్లని మెట్టినింటి పేర్లతో చెప్పాడు: డిజైర్ గోరమ్, హోప్ చిప్‌మన్, లిడియా బ్రౌన్, హానా బాస్‌వర్త్, రూత్ కుష్‌మన్, ఎలిజబెత్ డికిన్‌సన్. ఆస్తి పంచుకోవడానికి రాయించిన కాగితం అది. ఇవాళ చాలా కుటుంబాలకి అదే ఆధారం. ఆరు ఇళ్లకి ఆరు తూములు తెరిచి పెట్టినట్టయింది.

మేఫ్లవర్ సంతతివాళ్లకి 1897లో పెట్టుకున్న సంఘం ఒకటుంది. అందులో చేరాలంటే ప్రతి తరానికీ కాగితం చూపించాలి. మా అమ్మమ్మ చెప్పింది అంటే సరిపోదు. పుట్టుక, పెళ్లి, చావు, ఒక్కో మెట్టుకీ రుజువు కావాలి. బుజ్జమ్మ అడిగిన "ఎవరైనా చెప్పేసుకోవచ్చు కదా" అన్న దానికి జవాబు ఇదే. చెప్పుకోవచ్చు. కాగితం అడిగితే నిలవాలి.

ఇంట్లో చెప్పుకునే కథ ఎంత గట్టిగా ఉన్నా తప్పు కావచ్చు అనడానికి ఈ హౌలాండ్ ఇంట్లోనే సాక్ష్యం ఉంది. హౌలాండ్ భార్య గవర్నర్ కార్వర్ కూతురని చాలాకాలం వాళ్ల వంశంవాళ్లు నమ్మారు. హౌలాండ్ ఆయన ఇంట్లో పనిచేశాడు కాబట్టి వినడానికి బాగుంది, గవర్నరు గారి అల్లుడంటే గౌరవంగానూ ఉంది. అమెరికాలోని ప్లిమత్‌లో కొండ మీది శ్మశానంలో 19వ శతాబ్దంలో నిలబెట్టిన రాయి మీద కూడా అలాగే చెక్కించారు.

అదే ఓడలో వచ్చిన విలియం బ్రాడ్‌ఫర్డ్, కార్వర్ తర్వాత గవర్నరు అయ్యాడు. ఆయన ఆ వలస చరిత్రంతా స్వహస్తాలతో రాసిపెట్టాడు. చివర్లో, 1651 ప్రాంతంలో, ఓడలో ఎవరెవరు వచ్చారు, ఎవరికి ఎంతమంది పిల్లలు అని పట్టిక వేశాడు. ఆ చేతిరాత పుస్తకం బోస్టన్‌లో ఓల్డ్ సౌత్ చర్చిలో ఉండేది. అమెరికా స్వాతంత్య్ర యుద్ధం రోజుల్లో మాయమైంది. ఎనభై ఏళ్ల దాకా అయిపు లేదు. ఇంగ్లండులో ఒక బిషప్ రాసిన పుస్తకంలోని వాక్యాలు చూసి, ఇవి బ్రాడ్‌ఫర్డ్ మాటలే అని బోస్టన్‌లో చదివినవాళ్లు గుర్తుపట్టారు. వెతికితే, లండన్ బిషప్ గారి లైబ్రరీలో, ఫుల్‌హామ్ ప్యాలెస్‌లో, పుస్తకం బయటపడింది. 1856లో అచ్చువేశారు. పట్టికలో ఏముందంటే, జాన్ హౌలాండ్ పెళ్లాడింది జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌ని, వాళ్లకి పదిమంది పిల్లలు, అందరూ బతికే ఉన్నారు అని.

అక్కణ్ణుంచి ఇంకా పైకి నడిచినవాళ్లు ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్‌షైర్ జిల్లా, హెన్లో అనే పల్లె చర్చి పుస్తకంలో 1607 ఆగస్టులో ఎలిజబెత్ బాప్తిస్మం నమోదై ఉండటం చూశారు. అంటే ఓడ ఎక్కేనాటికి ఆమెకి పదమూడేళ్లు. ఆ మొదటి చలికాలంలో అమ్మా నాన్నా, వెంట వచ్చిన బాబాయి పిన్నీ నలుగురూ పోయారు. మీకంటే రెండు మూడేళ్లు పెద్దది, అంతే. ఊరుగాని ఊళ్లో ఒంటరిగా మిగిలింది. ఆ పిల్ల పేరుని రెండు వందల ఏళ్లు గవర్నర్ గారి ఇంటిపేరు కింద కప్పేశారు. నాకు గవర్నరు కూతురుకంటే ఈ టిల్లీ పిల్ల మీదే ఎక్కువ అభిమానం. తర్వాత సమాధి రాయి మీద కూడా సరిచేశారు, మంచిపని చేశారు.

మా ఊరికి పంటలు ఇళ్లకి చేరాక వంశాలు చెప్పేవాళ్లు వచ్చేవారు. అరుగు మీద కూర్చుని మన ఇంటిపేరు, గోత్రం ఎత్తుకుని తాతల పేర్లన్నీ రాగం తీసి పాడేవారు. మా నాయనమ్మ చేటతో ధాన్యం పోసేది. నేను స్తంభం పట్టుకుని నోరు తెరిచి వినేవాణ్ణి. వాళ్ల జ్ఞాపకశక్తి అద్భుతం. మూలపురుషుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ ఇంటికి పాడినా ఆయన ఏదో రాజు కొలువులో మహావీరుడే. అమెరికాలోనూ ఇలాంటి సరదా ఉన్నవాళ్లున్నారు. గుస్తావ్ అంజూ అనే ఆయన డబ్బున్న కుటుంబాలకి వంశవృక్షాలు తయారుచేసి ఇచ్చేవాడు. వాటిలో చాలా కల్పితాలు కలిపాడని తర్వాత తేలింది. ఇప్పటికీ కొందరు తెలియక వాటినే నమ్ముతున్నారు. గొప్ప తాత కావాలని వెతకడం మొదలుపెడితే ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు, పిల్లలూ. నిజం తాత కావాలంటే మనమే నడవాలి.

ఆ పాటల్లో ఆడవాళ్ల పేర్లు వచ్చేవి కావు. మా అమ్మమ్మ తల్లి పేరు నా దాకా చేరలేదు. ఆ మాట ఎప్పుడు గుర్తొచ్చినా బాధే.

అమెరికా కాగితాల్లో ఇంతకంటే పెద్ద ఖాళీలున్నాయి. 1850, 1860 లెక్కల్లో బానిసలుగా ఉన్న నల్లవాళ్లని యజమాని పేరు కింద వయసు, ఆడా మగా అని రాశారే గాని, పేర్లు దాదాపు ఎక్కడా రాయలేదు. వాళ్లలో ఎక్కువమందికి లెక్కల్లో పేరు దక్కింది 1870లోనే. అందుకే మీ క్లాసులో ఒకరికి 1620 దాకా దారి దొరికితే, పక్కన కూర్చున్నవాళ్లకి 1870 దగ్గరే గోడ అడ్డం వస్తుంది. ఆ పిల్లల పూర్వీకులు కూడా ఆ దేశంలో ఎన్నో తరాలుగా ఉన్నవాళ్లే. ఇక ఓడవాళ్లు దిగి ఇళ్లు కట్టుకున్న చోటు అంతకుముందు పటుక్సెట్ అనే ఊరు, అక్కడి మూలవాసులైన వాంపనోగ్ వాళ్లది. 1616 నుంచి 1619 దాకా వచ్చిన అంటురోగాలకి ఆ ఊరు ఊరంతా ఖాళీ అయింది. వాళ్ల పేర్లు ఏ చర్చి పుస్తకంలోనూ లేవు. వాంపనోగ్ ప్రజలు ఇవాళ్టికీ మీ రాష్ట్రంలోనే, మాష్‌పీలోనూ అక్విన్నాలోనూ ఉన్నారు. మేఫ్లవర్ పిల్లని మెచ్చుకోండి, అలాగే ఎవరైనా "నాకు తెలియదు" అంటే ఆ పిల్లనీ చిన్నచూపు చూడకండి.

వేసవిలో మీ నాన్న మిమ్మల్ని ప్లిమత్ తీసుకెళ్లాలి. హౌలాండ్ కొడుకు జేబెజ్ ఉన్న ఇల్లు ఇంకా నిలిచి ఉంది, లోపలికెళ్లి ఆ దూలాలు చూడండి. ఎక్కడైనా హౌలాండ్ చనిపోయిన తేదీ 1672 ఫిబ్రవరి అని ఒకచోట, 1673 ఫిబ్రవరి అని ఇంకోచోట కనిపిస్తే కంగారు పడకండి. ఆ రోజుల్లో వాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1752లో గాని జనవరి 1కి మారలేదు. బ్రాడ్‌ఫర్డ్ పుస్తకం 1897లో ఇంగ్లండు తిరిగి ఇచ్చేసింది. అది ఇప్పుడు బోస్టన్‌లో స్టేట్ హౌస్ లైబ్రరీది. దాని పేజీల ఫొటోలు చూపించమని మీ అమ్మని అడగండి. ఆ చేతిరాత చూస్తే ఏమనిపిస్తుందో నేను రాయలేను, మీరే చూడాలి.

ఈలోగా ఒక పని. అమ్మమ్మ ఉదయం కాఫీ తాగే వేళకి మీకు రాత్రి అవుతుంది, పడుకునేముందు ఫోన్ చెయ్యండి. ఆవిడ పుట్టింటి పేరు, వాళ్లమ్మ పేరు, ఆ అమ్మ పుట్టిన ఊరు అడగండి. ఒక్కో పేరు పక్కన ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అన్నది కూడా రాయండి. ట్రంకు పెట్టెలో మన చేను దస్తావేజులూ, పాత శుభలేఖలూ ఉన్నాయి. అమ్మమ్మ చెప్పినవి వాటితో నేనిక్కడ సరిపోల్చి, ఫొటోలు తీసి పంపిస్తాను. నోటుపుస్తకంలో పెన్నుతో కాకుండా పెన్సిల్‌తోనే రాసుకోండి.

మీ తాతయ్య