హోం థియేటర్: అట్టపెట్టె మీది ల్యూమెన్లు, గదిలోని వెలుగు (అపోహలు - వాస్తవాలు)

ఒడిశాలోని రాయగడలోనూ గుణుపురంలోనూ, అప్పుడప్పుడు పర్లాకిమిడి దాకా వెళ్లి ఇళ్లలో హోం థియేటర్లు అమర్చడం నా వృత్తి. తెలుగువారింట "బొమ్మ పాలిపోయినట్టుంది బాబూ" అన్నా, ఒడియావారింట "ఛబి దిశుని, ఆజ్ఞా" (బొమ్మ కనబడడం లేదండీ) అన్నా నేను మొదట కిటికీలవైపు చూస్తాను. ఈ రెండు ఫిర్యాదుల వెనుకా ఉండే అపోహ ఒకటే కాబట్టి, దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: ల్యూమెన్లు, అంటే దీపమిచ్చే మొత్తం వెలుగు కొలత, ఎక్కువున్న ప్రొజెక్టరు కొంటే పగలు కూడా హాల్లోనే సినిమా చూడవచ్చు.

కిందటి వేసవిలో రాయగడలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నన్ను పిలిపించారు. మనవలు సెలవులకు వస్తున్నారని ఆయన ఆన్‌లైన్‌లో పదివేల రూపాయలు పోసి చిన్న ప్రొజెక్టరు తెప్పించుకున్నారు. దాని పెట్టె మీద 12,000 ల్యూమెన్లనీ, 4కె సపోర్ట్ అనీ అచ్చయి ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు, రెండువైపులా కిటికీలు తెరిచి ఉన్న ముందుగదిలో దాని బొమ్మ ఉతికి ఉతికి వెలిసిపోయిన చీరలా ఉంది. లోపం యంత్రానిదే అనుకున్న మాష్టారు, 18,000 ల్యూమెన్లని రాసి ఉన్న మరొకదానికి అప్పటికే ఆర్డరు పెట్టి కూర్చున్నారు.

నేను ప్రొజెక్టరును ఆపించి, "మాష్టారూ, ఇప్పుడు తెర ఏ రంగులో ఉంది?" అని అడిగాను. "తెల్లగానే ఉంది కదా బాబూ" అన్నారు. "మీ సినిమాలో నలుపంటే అదేనండీ" అన్నాను. ప్రొజెక్టరు తెర మీదికి వెలుగును మాత్రమే పంపగలదు, చీకటిని పంపలేదు. కనుక హీరో జుట్టయినా, అర్ధరాత్రి ఆకాశమైనా, ఆపివేసిన తెర ఎంత నల్లగా కనిపిస్తుందో అంతకంటే నల్లగా కనిపించే అవకాశమే లేదు. తరువాత లోపలి నుంచి రెండు దుప్పట్లు తెప్పించి కిటికీలకు కట్టి, తలుపు చేరవేసి, అదే ప్రొజెక్టరును మళ్లీ వేశాను. మాష్టారి భార్య వంటగది గుమ్మంలో నిలబడి, "ఇదే మిషనా?" అని రెండుసార్లు అడిగారు.

లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 100 అంగుళాల తెర సుమారు 2.2 మీటర్ల వెడల్పు, 1.25 మీటర్ల ఎత్తు, అంటే 2.75 చదరపు మీటర్ల వైశాల్యం ఉంటుంది. సినిమా హాలు తెరకు ప్రమాణంగా పెట్టుకున్న వెలుగు చదరపు మీటరుకు 48 కాండెలాలు (తెర ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చెప్పే కొలత). చీకటి గదిలో మామూలు తెల్లని తెర మీద అంత వెలుగు రావడానికి నిజమైన ల్యూమెన్లు 415 ఉంటే సరిపోతుంది. అదే 500 ఆన్సి ల్యూమెన్ల (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ల్యూమెన్లు) ప్రొజెక్టరు ఆ తెర మీద 180 లక్స్ (ఒక్కో చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు) వెలుగు వేస్తుంటే, కిటికీ తెరిచిన గదిలో పగటి వెలుగొక్కటే 200 లక్స్ దాటడం మామూలు. మీరు డబ్బుపెట్టి కొన్న వెలుగుతో ఊరికే వచ్చిన వెలుగు పోటీపడుతోందన్నమాట.

ఇక పెట్టె మీది అంకె సంగతి. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులైటు ఇచ్చేది దాదాపు 2,000 ల్యూమెన్లు. అరచేతిలో పట్టే డబ్బా ఆరు ట్యూబులైట్లంత వెలుగు ఇస్తుందని రాసి ఉంటే దాని అడాప్టరును తిప్పి చూడండి. మాష్టారిదాని మీద 65 వాట్లని ఉంది. ఫ్యానును, బోర్డును వదిలేసి మొత్తం కరెంటు దీపానికే పోయిందనుకున్నా, ట్యూబులైటులాగే వాటుకు 100 చొప్పున పుట్టేది 6,500 ల్యూమెన్లు. అందులో సగం పోలరైజరు (వెలుగును ఒకే తీరుకు వడకట్టే పొర) దగ్గర, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు రంగు ఫిల్టర్ల దగ్గర పోతాయి. లెన్సు దాటి తెర చేరేసరికి మిగిలేవి కొన్ని వందలే. అందుకే ఆన్సి ల్యూమెన్లని స్పష్టంగా రాయని ఏ అంకెనూ నేను లెక్కలోకి తీసుకోను. మాష్టారి రెండో ప్రొజెక్టరును పెట్టె విప్పకుండానే వెనక్కి పంపించాము.

ఈ విషయంలో నేనూ తప్పు చేశాను. మొదట్లో మా ఇంటి గదికి, సినిమా గది కదా అని గోడలకూ సీలింగుకూ మెరిసే తెల్లరంగు వేయించాను. తెర మీద పడిన వెలుగు గోడలకు కొట్టుకుని మళ్లీ తెర మీదికే వచ్చి బొమ్మను పాడుచేసింది. తెరకు దగ్గరగా ఉన్న సీలింగుకూ పక్కగోడలకూ ముదురు బూడిదరంగు మ్యాట్ పెయింటు వేయించాక గాని కుదుటపడలేదు. గదిని చీకటి చేయడం సాధ్యం కానివారు మొహమాటం లేకుండా 55 లేదా 65 అంగుళాల టీవీ కొనుక్కోవడం మేలు.

తక్కినవి క్లుప్తంగా చెబుతాను. 4కె సపోర్ట్ అంటే 4కె సిగ్నల్‌ను తీసుకుంటుందని మాత్రమే అర్థం. నేటివ్ రిజల్యూషన్, అంటే యంత్రం నిజంగా చూపగల చుక్కల లెక్క, 1280×720 అయితే 83 లక్షల చుక్కల బొమ్మ 9 లక్షల చుక్కలకు కుదించుకుపోతుంది. స్పీకర్ల పెట్టె మీది పీఎంపీఓ (ప్రచారానికి ఉబ్బించి రాసే వాట్ల) అంకెను చదవనే వద్దు. ఆర్‌ఎంఎస్ వాట్లు (నిలకడగా ఇవ్వగల అసలు శక్తి) రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. పాటలు చెవులు పగలగొడుతున్నాయి గాని మాటలు వినపడడం లేదని బాధపడేవారి ఇళ్లలో మాటలు పలికే సెంటర్ స్పీకరు చాలాసార్లు షోకేసు అరలో, బొమ్మల వెనుక దొరుకుతుంది. దాన్ని అర అంచుకు జరిపి, ముఖాల వైపు కొద్దిగా వాల్చితే పైసా ఖర్చు లేకుండా మాటలు తేటపడతాయి. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటిస్తే శబ్దం పక్కింటికి పోదనడం వట్టిమాట. అవి శబ్దాన్ని ఆపవు సరికదా, అంటుకుంటే భగ్గున మండుతాయి.

పిల్లల కళ్లు పాడవుతాయేమోనని తల్లులు భయంభయంగా అడుగుతుంటారు. వారిని చూసి నవ్వడం తప్పు. తెర మీంచి కళ్లకు చేరేది గోడకు తగిలి తిరిగివచ్చిన వెలుగే కాబట్టి దానికి భయపడనక్కరలేదు. అయితే వెలుగుతున్న లెన్సులోకి, ముఖ్యంగా లేజర్ ప్రొజెక్టర్లలోకి, పిల్లలు తొంగిచూడకుండా యంత్రాన్ని ఎత్తున బిగించాలి.

చివరగా, స్టెబిలైజరు ఉంటే పిడుగులకు భయం లేదనే మాట. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో మా కొండల మీద సాయంత్రం ఉరిమిందంటే ప్లగ్గుతోపాటు డిష్ కేబులును కూడా పీకేయాలి. స్టెబిలైజరు ఓల్టేజీ హెచ్చుతగ్గులను సర్దుతుంది గాని, కేబుల్ దారిన వచ్చే దెబ్బను ఆపలేదు. ఒకనాటి గాలివానలో నేను ప్లగ్గు తీశాను, కేబుల్ మరిచిపోయాను. సెట్‌టాప్ బాక్సుతోపాటు ఏవీ రిసీవరులోని (స్పీకర్లను నడిపే పెట్టె) హెచ్‌డీఎంఐ బోర్డు కూడా పోయింది.