ముందు మాత్ర, తర్వాతే రిపోర్టు: గే, బైసెక్సువల్ మగవాళ్ల అపోహలు - వాస్తవాలు

"టెస్టు నెగెటివే వచ్చింది కదా, ఇంకా పెప్ మాత్రలెందుకు?" కండోమ్ చిరిగిన నాలుగో రోజో ఐదో రోజో ఈ ప్రశ్నతో వచ్చేవాళ్లకు లెక్కలేదు. చేతిలో మడతపెట్టిన ల్యాబ్ కాగితం ఉంటుంది. ఆ కాగితం కోసం తిరిగిన రోజుల్లోనే అసలు పని, అంటే ముప్పు ఎదురయ్యాక హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే పెప్ మాత్రలు మొదలుపెట్టడం, అయిపోవాల్సింది.

అపోహ: ముందు హెచ్‌ఐవీ టెస్టు చేయించుకోవాలి, ఏదైనా తేలితే అప్పుడు మందు.

వాస్తవం: మర్నాడు చేసే టెస్టుకు నిన్న రాత్రి సంగతి తెలియదు. అది చెప్పేది పాత సంగతి, అంతకుముందే వైరస్ ఉందో లేదో. సిర నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్షకు కొత్తగా సోకిన హెచ్‌ఐవీ దొరకాలంటే 18 నుంచి 45 రోజులు పడుతుంది. వేలి చుక్కతో చేసే యాంటీబాడీ పరీక్షకైతే 23 నుంచి 90 రోజులు. వైరస్‌ను నేరుగా వెతికే ఖరీదైన పరీక్షకు కూడా కనీసం 10 రోజులు కావాలి. పార్ట్‌నర్ ఫోన్‌లో చూపించిన పోయిన వారం రిపోర్టుకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

పెప్ మాత్రలు మాత్రం 72 గంటల్లోపే మొదలవ్వాలి. శనివారం రాత్రి 11కి జరిగితే మంగళవారం రాత్రి 11తో గడువు తీరిపోతుంది. ఆదివారం భయంతో గడిచిపోతుంది, సోమవారం ల్యాబ్, మంగళవారం సాయంత్రం రిపోర్టు, "హమ్మయ్య" అనుకోవడం. బుధవారం మళ్లీ అనుమానం. అప్పటికి తలుపు మూసేశారు. పైగా 72 అనేది ఆఖరి గడువే. మూడో రోజు వరకు ఆగవచ్చని దానర్థం కాదు. మలద్వారం లాంటి చోట్ల లోపలి పొరలో దిగిన వైరస్ అక్కడి కణాలను పట్టుకుని, రెండు మూడు రోజుల్లో లింఫ్ గ్రంథులకు చేరి స్థిరపడుతుంది. 1998లో కోతుల మీద చేసిన ప్రయోగంలో 24 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులూ మందిచ్చిన వాటన్నిటికీ రక్షణ దొరికింది. 48, 72 గంటలకు మొదలుపెట్టిన వాటిలో కొన్నిటికి సోకింది. 3, 10 రోజులకే ఆపేసిన వాటిలోనూ అంతే. కాబట్టి 28 రోజుల కోర్సును రెండో వారంలో ఆపేయకండి.

మొదటి రోజు రక్తం తీయాల్సిందే: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. అయితే రక్తం ఇచ్చిన కుర్చీలోనే మొదటి మాత్ర మింగాలి, రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. సాధారణంగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్. గ్యాస్‌కు వాడే యాంటాసిడ్ డోల్యుటెగ్రావిర్‌ను పేగుల్లోనే కట్టేస్తుంది. అందుకని మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతో, దానికి ఆరు గంటల ముందో యాంటాసిడ్ తాగండి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే ఎడం, లేదంటే అన్నీ కలిపి భోజనంతో వేసుకోవచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. హెపటైటిస్ బి ఉన్నట్టు తేలితే, కోర్సు అయిపోయిందని ఎవరినీ అడగకుండా ఆపొద్దు. ఈ మందుల్లో రెండు ఆ వైరస్‌నూ అణచిపెడతాయి, హఠాత్తుగా ఆపితే లివర్ వాచిపోవచ్చు. మళ్లీ హెచ్‌ఐవీ టెస్టు 4-6 వారాలకు ఒకసారి, 12 వారాలకు ఒకసారి.

ఓరల్ (నోటితో సెక్స్) ఒక్కటే జరిగి నిద్రపట్టక కూర్చున్నవాళ్లకు: సాధారణంగా పెప్ అక్కర్లేదు, పడుకోండి. పార్ట్‌నర్‌కు హెచ్‌ఐవీ ఉన్నా, మందులు సరిగ్గా వాడుతూ వైరల్ లోడ్ (ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ లెక్క) 200 కంటే తక్కువలో నిలకడగా ఉంటే సెక్స్ ద్వారా సోకదు. 2019లో వెలువడిన పార్ట్‌నర్-2 అధ్యయనంలో మగ జంటల మధ్య కండోమ్ లేకుండా దాదాపు 76,000 సార్లు జరిగినా, ఆ పార్ట్‌నర్ నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. ఇది తెలిశాక కూడా పుకార్లు పంచేవాళ్లతో వాదించే ఓపిక మాకు లేదు.

"నేను టాప్‌ని, నాకేం కాదు" అనే మాట ఇంకోటి. ఆనల్ సెక్స్‌లో పెట్టేవాడు టాప్, పెట్టించుకునేవాడు బాటమ్. చికిత్స తీసుకోని పార్ట్‌నర్‌తో కండోమ్ లేకుండా ఒక్కసారికి సోకే ముప్పు అంచనా, బాటమ్‌కు 10,000 సార్లకు 138, టాప్‌కు 11. తక్కువే గానీ సున్నా కాదు. తర్వాత సబ్బునీళ్లతో లోపల కడుక్కోవడం వల్ల పొర గీసుకుపోయి ఇంకా నష్టమే. వాజలైన్, నూనెలు లేటెక్స్ కండోమ్‌ను నిమిషాల్లో బలహీనపరుస్తాయి, నీటిదో సిలికాన్‌దో లూబ్ వాడండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 200 మిల్లీగ్రాములు సెక్స్ తర్వాత 72 గంటల్లోపు వేసుకుంటే, సెక్స్ ద్వారా అంటుకునే సిఫిలిస్, క్లమీడియా ముప్పు బాగా తగ్గుతుంది, గనేరియా మీద అంత పనిచేయదు, హెచ్‌ఐవీ మీద అసలే పనిచేయదు. దాన్ని పెప్ అనుకుని మింగి ఊరుకున్నవాళ్లున్నారు. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి, మూడు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే మానిపోతుంది. మానింది పుండు మాత్రమే, జబ్బు లోపలే ఉంటుంది. చికిత్స అయ్యాక కూడా టీపీహెచ్ఏ అనే సిఫిలిస్ రక్తపరీక్ష సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, అది చూసి కంగారుపడొద్దు. వీడీఆర్ఎల్ అనే ఇంకో సిఫిలిస్ పరీక్ష అంకె నాలుగో వంతుకు, ఉదాహరణకు 1:32 నుంచి 1:8కి దిగిందా అన్నదే చూడాలి.

యూరిన్ టెస్టు క్లీన్‌గా వచ్చిందంటే మూత్రనాళం క్లీన్ అని మాత్రమే. గనేరియా, క్లమీడియా గొంతులో, మలద్వారంలో ఏ లక్షణమూ లేకుండా ఉండిపోతాయి, అక్కడి స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా) తీస్తేనే దొరుకుతాయి. ఎవరూ అడగకపోతే మీరే అడగండి. సిగ్గనిపిస్తే మలద్వారం స్వాబ్ మీరే తీసుకోవచ్చు: పుల్లను అంగుళం లోపలికి పెట్టి, గోడకు ఆనించి నెమ్మదిగా ఐదు నుంచి పది సెకన్లు తిప్పి, ట్యూబ్‌లో వేసి మూత బిగించండి. గొంతుకైతే రెండు టాన్సిల్స్‌నూ, వెనక గోడనూ రుద్దాలి. నాలుక మీద రాసి ఇస్తే ఆ రిపోర్టుకు విలువ లేదు.