పదాలు బట్టీ పట్టినా మాట ఎందుకు రాదు? అపోహలు – వాస్తవాలు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజే అడుగుతారు, "మేడం, రోజుకి ఎన్ని పదాలు నేర్చుకోవాలి?" అని.

అపోహ: పదాలు ఎన్ని తెలిస్తే మాట అంత బాగా వస్తుంది.

వాస్తవం: బోర్డు మీద 'చింతపండు' అని రాసి, ఏం గుర్తొస్తుందో చెప్పమంటాను. పులుపు, చారు, పులిహోర, అమ్మమ్మ పచ్చడి, చింతచెట్టు మీది దెయ్యం... ఆపడం కష్టం. పక్కనే 'టామరిండ్' అని రాస్తే గుర్తొచ్చేది చింతపండు ఒక్కటే! బుర్రలో పదాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకటి కదిలితే చుట్టూ ఉన్నవీ కదులుతాయి. 1971లో మేయర్, ష్వానెవెల్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో తెర మీద కనిపించినవి నిజమైన పదాలేనా అని చెప్పాలి. 'నర్స్–డాక్టర్' లాంటి జతలకు జవాబు త్వరగా వచ్చింది, 'నర్స్–బటర్' లాంటి వాటికి ఆలస్యమైంది. బట్టీ పట్టిన పదానికి ఇలా చుట్టాలూ పక్కాలూ ఉండరు, అందుకే ఇంటర్వ్యూ టెన్షన్‌లో అది పిలిస్తే పలకదు.

అపోహ: ఇంగ్లిష్ రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలి.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. కొత్త పదం తగులుకోవడానికి ఉన్నవి ఆ పాత తెలుగు పదాలే.

అపోహ: వీడియోలు చూస్తూ ఉంటే అదే వస్తుంది.

వాస్తవం: 2003లో పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే పాట్రీషియా కుల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల్లో తేడా పట్టుకున్నారు, టీవీలో చూసిన పిల్లలు పట్టుకోలేకపోయారు. అది పసిపిల్లల సంగతే, కానీ భాషకు ఎదుటి మనిషి ఎంత అవసరమో నేను క్లాసులోనూ చూస్తున్నాను.

పోచంపల్లి నుంచి వచ్చి ఇక్కడ చీరల షాపులో పనిచేసే ఒకమ్మాయి నోటుబుక్కు నిండా ఇంగ్లిష్ పదాలు రాసుకొచ్చింది, నోట్లోంచి మాత్రం ఒక్క వాక్యం రాలేదు. అంతలో ఫోన్ మోగితే పక్కవాటా ఆంటీతో హైదరాబాదీ ఉర్దూ గడగడా మాట్లాడేసింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, "నేర్చుకోలేదు మేడం, వచ్చేసింది" అంది. రెండేళ్లుగా నల్లా దగ్గరా, మెట్ల మీదా ఆ ఆంటీతో రోజూ మాట్లాడుతోంది కదా, ఇంగ్లిష్‌లో అలా మాట్లాడే మనిషే తనకి లేదు. నోటుబుక్కు పక్కన పెట్టించాను. తనకి బాగా తెలిసిన దారం, రంగు, మగ్గంతో మొదలుపెట్టి, షాపుకొచ్చే ఇంగ్లిష్ కస్టమర్లతో రోజూ రెండు మాటలైనా కలపమన్నాను. మొన్న కలకత్తా నుంచి వచ్చిన ఒకావిడకి, ఇక్కత్‌లో నేయకముందే దారానికి ముడులు కట్టి రంగు ఎలా ఎక్కిస్తారో ఇంగ్లిష్‌లో చెప్పిందట. తప్పులున్నాయి మేడం, కానీ ఆవిడ ఇంకా ఇంకా అడిగింది అంటూ ఫోన్ చేసింది.