రేసింగ్ గేమ్ తెరుచుకోకుండానే మూసుకుపోతోందా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

గేమ్ మీద డబుల్ క్లిక్ చేస్తారు. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడుతుంది, లోగో అలా తొంగిచూసి మాయమవుతుంది, మళ్లీ డెస్క్‌టాప్. ఎర్రర్ మెసేజ్ కూడా ఉండదు. పీసీలు బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ఫిర్యాదు తరచూ వింటుంటాను. నా దగ్గరికి వచ్చేసరికే మనిషి విండోస్ రెండుసార్లు కొత్తగా వేసి ఉంటాడు, డ్రైవర్లు నాలుగుసార్లు మార్చి ఉంటాడు, గ్రాఫిక్స్ కార్డు అమ్మేద్దామా అన్నదాకా వెళ్లి ఉంటాడు. చేయనిదల్లా ఒక్కటే. పడిపోయే ముందు ఆ గేమ్ ఏం చెప్పిపోయిందో చదవడు.

అపోహ: ఎర్రర్ రాలేదు కాబట్టి కారణం తెలుసుకునే దారి లేదు

స్క్రీన్ మీద రాకపోయినా, చాలాసార్లు లోపల రాసే ఉంటుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అని ఉంటుంది. గేమ్ మూసుకుపోయిన నిమిషానికి ఎర్ర గుర్తుతో, ఈవెంట్ ఐడీ 1000 అన్న ఎంట్రీ ఉందేమో చూడండి. అందులో రెండు లైన్లు ముఖ్యం: ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్ (ఏ ఫైల్ దగ్గర కూలిందో), ఎక్సెప్షన్ కోడ్ (ఎలాంటి తప్పు జరిగిందో). అంత జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయనుకుంటే రిలయబిలిటీ మానిటర్ తెరవండి. అదే సమాచారాన్ని తేదీలవారీగా, తేలిగ్గా అర్థమయ్యేలా చూపిస్తుంది.

మాడ్యూల్ పేరు గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైల్‌దైతే అటువైపు వెళ్లాలి. గేమ్ పైన తన సమాచారం చూపించే ఓవర్‌లే ప్రోగ్రామ్‌దైతే ముందు దాన్ని ఆపాలి. ఎన్‌టీడీఎల్ఎల్ లాంటి విండోస్ సొంత ఫైల్ పేరు కనిపిస్తే మాత్రం తొందరపడి విండోస్‌ని తిట్టకండి. జారిపడిన చోటు అది, తోసినవాడు వేరే ఎవరో.

కోడ్‌ల విషయానికొస్తే, 0ఎక్స్‌సీ0000005 అన్నిటికంటే ఎక్కువగా కనబడుతుంది. తనది కాని మెమరీని ప్రోగ్రామ్ ముట్టుకోబోయిందని దాని అర్థం. జ్వరం ఉందని చెప్పడం లాంటిదే ఇది. జ్వరం ఎందుకొచ్చిందో మాడ్యూల్ పేరు, క్రాష్ అయిన సమయం చూసి మనమే వెతుక్కోవాలి. 0ఎక్స్‌సీ000001డీ అయితే ప్రాసెసర్‌కి తెలియని ఇన్‌స్ట్రక్షన్‌ని గేమ్ ఇచ్చింది. ఏవీఎక్స్ లేదా ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్లు అవసరమైన కొత్త గేమ్‌ని, అవి లేని పాత ప్రాసెసర్ మీద నడిపితే వచ్చేది ఇదే. సెట్టింగ్‌లు ఎంత తగ్గించినా లాభం ఉండదు.

అపోహ: డీఎల్ఎల్ లేదంటోంది, నెట్‌లో దించి సిస్టమ్32లో వేస్తే సరిపోతుంది

నాకు చిరాకు తెప్పించే అలవాటు ఇదొక్కటే. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రామ్‌లు అవసరానికి పిలుచుకునే సహాయక ఫైల్. ఎవరో ఎక్కడో పెట్టిన అలాంటి ఒంటరి ఫైల్‌ని తెచ్చి విండోస్ గుండెలో పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అది వైరస్ కాకపోయినా ఇంకో చిక్కు ఉంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్‌వి ఉండేది సిస్‌వావ్64లో. పేర్లు తారుమారైనట్టు కనబడతాయి గానీ నిజం అదే. పేరు చూసి మోసపోయి 32 బిట్ ఫైల్‌ని సిస్టమ్32లో వేస్తారు. అంతకుముందు ‘ఫైల్ లేదు’ అన్న గేమ్ ఇప్పుడు 0ఎక్స్‌సీ000007బీ అంటుంది. 32 బిట్, 64 బిట్ కలగాపులగం అయ్యాయని దాని గోల. ఉన్న సమస్య పోలేదు, కొత్తది వచ్చి చేరింది.

అసలు ఆ ఫైళ్లు ఒంటరిగా తిరిగేవి కావు, ప్యాకేజీగా వస్తాయి. ఎంఎస్‌వీసీపీ140, వీసీరన్‌టైమ్140 లాంటి పేర్లు కనిపిస్తే మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ కావాలని అర్థం. 2015 నుంచి 2022 దాకా వచ్చిన వెర్షన్లన్నిటికీ ఒకే ప్యాకేజీ. విండోస్ 64 బిట్ అయినా సరే ఎక్స్86 (32 బిట్), ఎక్స్64 (64 బిట్) రెండూ వేయండి, ఎందుకంటే గేమ్ 32 బిట్‌ది కావచ్చు. 2008, 2010, 2012, 2013 వెర్షన్లు మాత్రం దేనికవే విడి. ఒకటి ఇంకోదాని పని చేయదు. ‘ఒకే పేరుతో ఇన్ని ఎందుకు?’ అని కంట్రోల్ ప్యానెల్‌లో ఏరి తీసేసి, మర్నాడు గేమ్ రావట్లేదని వచ్చినవాళ్లూ ఉన్నారు.

దీని తోబుట్టువు ఇంకో మాట, గేములు గ్రాఫిక్స్, సౌండ్ కోసం వాడుకునే డైరెక్ట్ఎక్స్ గురించి: ‘నా పీసీలో డైరెక్ట్ఎక్స్ 12 ఉంది కదా, పాతది ఎందుకు?’ డైరెక్ట్ఎక్స్ వివరాలు చూపించే డీఎక్స్‌డయాగ్‌లో 12 అని కనిపించడం నిజమే. కానీ డీ3డీఎక్స్9_43, ఎక్స్‌ఇన్‌పుట్1_3 లాంటి పాత సహాయక ఫైళ్లు విండోస్ 10, 11లతో రావు. డైరెక్ట్ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్ అని 2010 జూన్‌లో వచ్చిన ప్యాకేజీలో ఉంటాయి. దాన్ని వేస్తే మీ 12కి ఏమీ కాదు, పక్కన పాత ఫైళ్లు వచ్చి చేరతాయంతే. 2005 నుంచి 2012 మధ్యకాలపు రేసింగ్ గేమ్‌ని బయటికి తీసేవాళ్లు ముందుగా వేసుకోవాల్సింది ఇదే.

అపోహ: క్రాష్ అయిందంటే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌దే

కొన్నిసార్లు అదే. ఎప్పుడూ కాదు. తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లోనే సిస్టమ్ అన్న లాగ్‌కి వెళ్లి, అదే నిమిషంలో డిస్‌ప్లే పేరుతో 4101 ఉందేమో చూడండి. గ్రాఫిక్స్ కార్డు మామూలుగా 2 సెకన్లలోపు బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ సంగతి రాసేది అక్కడే. అది కనబడితే పాత డ్రైవర్‌ని పూర్తిగా తీసి శుభ్రంగా కొత్తది వేయండి, కార్డు ఓవర్‌క్లాక్ చేసి (వేగం పెంచి) ఉంటే మామూలు స్థితికి తెండి. గ్రాఫిక్స్ డ్రైవర్ జాడ ఏ లాగ్‌లోనూ లేకపోతే డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చోవడం టైం వేస్ట్.

అపోహ: స్టీరింగ్ వీల్‌కీ గేమ్ తెరుచుకోకపోవడానికీ సంబంధం లేదు

మిగతా గేములకీ రేసింగ్ గేములకీ అసలు తేడా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒకతను తన పీసీ తెచ్చాడు. కొత్తగా వేసుకున్న ర్యాలీ గేమ్ లోగో దగ్గరే మూసుకుపోతోందన్నాడు. నేను కనెక్ట్ చేసి తెరిస్తే చక్కగా నడిచింది. అరగంట ఆడి చూశాను, ఏమీ కాలేదు. తీసుకెళ్లాడు. సాయంత్రం ఫోన్: ‘మళ్లీ అదే అన్నా.’ రెండోసారి తెచ్చాడు, మళ్లీ నడిచింది. ఇద్దరికీ టెన్షన్. అతని ఇంట్లో కరెంటు తేడాగా ఉందేమోనని కూడా అనుమానించాను, నవ్వకండి. మూడోసారి మాత్రం బుద్ధొచ్చి, ‘పీసీకి గుచ్చినవన్నీ పట్టుకురా’ అన్నాను. స్టీరింగ్ వీల్, పెడల్స్, గేర్ షిఫ్టర్, విడిగా కొన్న యూఎస్‌బీ హ్యాండ్‌బ్రేక్, అన్నీ తెచ్చాడు. అన్నీ పెడితే క్రాష్. హ్యాండ్‌బ్రేక్ ఒక్కటి తీస్తే గేమ్ తెరుచుకుంది. మొదటి రెండుసార్లు నా బల్ల మీద ఉన్నవి కీబోర్డు, మౌస్ మాత్రమే. మరి ఎందుకు నడవదు!

జరిగేది ఇది. గేమ్ మొదలవుతూనే పీసీకి తగిలించిన కంట్రోలర్లన్నిటినీ వరసగా పలకరిస్తుంది. నీకు ఎన్ని బటన్లు, ఎన్ని యాక్సిస్‌లు, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉందా అని అడుగుతుంది. ఒక పరికరం తిక్క జవాబిచ్చినా, గేమ్ ఊహించినదానికంటే పరికరాలు ఎక్కువైనా, ఆ భాగాన్ని సరిగ్గా రాయని గేమ్ అక్కడే కూలిపోతుంది. షూటింగ్ గేమ్ ఆడేవాడికి ఒక ప్యాడ్ ఉంటే ఎక్కువ. రేసింగ్ పిచ్చి ఉన్నవాడికి నాలుగైదు యూఎస్‌బీ పరికరాలు మామూలు. పైగా కంటికి కనబడనివీ ఉంటాయి. ఫోన్‌ని కంట్రోలర్‌గా వాడే యాప్‌లు, వీజాయ్ లాంటివి వర్చువల్ కంట్రోలర్లను పెడతాయి. మనం వాటి సంగతి మర్చిపోయినా విండోస్ మర్చిపోదు.

పరీక్ష తేలిక. కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేసి గేమ్ తెరవండి. తెరుచుకుంటే ఒక్కొక్కటే పెడుతూ, ప్రతిసారీ గేమ్ మూసి తెరుస్తూ వెళ్లండి. రన్ బాక్స్‌లో జాయ్.సీపీఎల్ (joy.cpl) అని ఇంగ్లిష్‌లో కొడితే కంట్రోలర్ల జాబితా వస్తుంది. అందులో మీ బల్ల మీద లేని పేరు కనబడిందా, ముందుగా అనుమానించాల్సింది దాన్నే. దోషి దొరికాక దాని ఫర్మ్‌వేర్, డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి. అయినా మారకపోతే గేమ్ మెనూ వచ్చాక దాన్ని గుచ్చడం ఒక తాత్కాలిక దారి. కొన్ని గేములు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

అపోహ: అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేస్తే అంతా కొత్తగా మొదలవుతుంది

వంద జీబీ మళ్లీ దించుకున్నాక కూడా గేమ్ అదే చోట చచ్చిపోతే ఆశ్చర్యపోకండి. సెట్టింగ్‌లు, సేవ్‌లు గేమ్ ఫోల్డర్‌లో కాకుండా సాధారణంగా డాక్యుమెంట్స్‌లోనో యాప్‌డేటాలోనో ఉంటాయి, అన్‌ఇన్‌స్టాల్ చాలాసార్లు వాటి జోలికి వెళ్లదు. మానిటర్ మార్చారనుకోండి. పాత మానిటర్ రెజల్యూషన్, రిఫ్రెష్ రేటు ఆ సెట్టింగ్ ఫైల్‌లోనే రాసి ఉంటాయి. కొత్తగా వేసిన గేమ్ ఆ పాత చీటీనే చదివి కూలబడుతుంది. ఆ ఫోల్డర్‌ని డిలీట్ చేయొద్దు, పేరు మార్చండి చాలు. గేమ్ కొత్త ఫోల్డర్ తయారుచేసుకుంటుంది. సేవ్‌లు పాతదాంట్లో భద్రంగా ఉంటాయి. క్లౌడ్ సేవ్ ఆన్‌లో ఉంటే ఈ పరీక్ష అయ్యేదాకా ఆపండి, లేకపోతే పాడైన ఫైల్‌ని అదే మళ్లీ తెచ్చి పెట్టవచ్చు.

స్టీమ్‌లో గేమ్ ఫైళ్లను వెరిఫై చేయడం మంచి అడుగే. పాడైనవీ లేనివీ మళ్లీ దించుకుంటుంది. కానీ గేమ్‌ని మార్చడానికి మీరు అదనంగా పెట్టిన మోడ్ ఫైళ్లను తీయదు. గేమ్ ఈఎక్స్ఈ పక్కన డీఇన్‌పుట్8, డీఎక్స్‌జీఐ లాంటి పేర్లతో డీఎల్ఎల్‌లు ఉంటే అవి దాదాపు మోడ్‌ల పనే. గేమ్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి క్రాష్ మొదలైతే ముందు వాటిని పక్కకు తీసి చూడండి.

అపోహ: ‘అవుట్ ఆఫ్ వీడియో మెమరీ’ అంటే కార్డు చాలట్లేదని

చిన్న కార్డు అయితే కావచ్చు. 16 జీబీ కార్డు మీద, ఇంకా మెనూ కూడా రాకముందే ఈ మాట వస్తే ప్రాసెసర్ వైపు చూడండి. కొత్త గేములు మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు, అంటే దృశ్యాలు గీయడానికి గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు, తయారు చేసుకుంటాయి. ఆ కాసేపు ప్రాసెసర్ కోర్లన్నీ పూర్తి బరువు మోస్తాయి. నిలకడ లేని ప్రాసెసర్ అక్కడ లెక్క తప్పుతుంది. తప్పిన లెక్క గ్రాఫిక్స్ మెమరీ ఎర్రర్ వేషంలో బయటికొస్తుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నిటిలో ఇదే జరిగింది. వాటికి అవసరానికి మించిన వోల్టేజీ అందుతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌ని (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ని) విడుదల చేసి, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది. ఆ తర్వాత 0ఎక్స్12బీ వచ్చింది. ఇవి మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్‌తో అందుతాయి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని మాత్రం అప్‌డేట్ బాగుచేయలేదు, మార్పించుకోవాల్సిందే.

మీది ఆ తరం కాకపోయినా, బయోస్‌లో ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసి ఉంటే ఒకసారి ఆపి చూడండి. ర్యామ్ డబ్బా మీద ఆ వేగం రాసి ఉన్నంత మాత్రాన మీ ప్రాసెసర్, మీ బోర్డు కలిసి దాన్ని మోయగలవని కాదు.

ర్యామ్ గురించి ఇంకొక్క మాట. ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్ పేజ్‌ఫైల్. ‘32 జీబీ ఉంది, పేజ్‌ఫైల్ ఎందుకు’ అని ఆపేసేవాళ్లున్నారు. ప్రోగ్రామ్‌లు వెంటనే వాడకపోయినా మెమరీని ముందే రిజర్వ్ చేసుకుంటాయి. అలా రిజర్వ్ చేసుకునేదానికి పరిమితి ర్యామ్, పేజ్‌ఫైల్ రెండూ కలిపినంత. సిస్టమ్ లాగ్‌లో 2004 నంబరుతో రిసోర్స్ ఎగ్జాషన్ అని కనబడితే విషయం అదే. పేజ్‌ఫైల్‌ని విండోస్‌కే వదిలేయండి.

అపోహ: యాంటీవైరస్ ఆపేసి, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే ఏదైనా పనిచేస్తుంది

రెండూ గుడ్డి దెబ్బలే. విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఒకటుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది గానీ, ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయి ఉంటే, తెలియని ప్రోగ్రామ్‌లను డాక్యుమెంట్స్‌లో రాయనివ్వదు. సేవ్ ఫైల్ రాసుకోలేని గేమ్ మొదట్లోనే చేతులెత్తేస్తుంది. ప్రొటెక్షన్ హిస్టరీలో ఆ గేమ్ పేరు కనబడితే దానికొక్కదానికే అనుమతి ఇవ్వండి, కాపలా మొత్తం తీసేయకండి. యూజర్ ఫోల్డర్ పేరు తెలుగు లాంటి ఇంగ్లిష్ కాని లిపిలో ఉన్నా కొన్ని గేములు ఆ దారి చదవలేక తడబడతాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొత్త యూజర్ అకౌంట్ పెట్టి చూస్తే తేలిపోతుంది.

అపోహ: కంపాటిబిలిటీ మోడ్ పెడితే ఎంత పాత గేమైనా లేస్తుంది

2000ల మొదట్లో డిస్క్ మీద వచ్చిన గేముల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. దాని డ్రైవర్‌ని విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ అసలు నడవనివ్వడం లేదు, భద్రతా లోపాల వల్ల. అలాంటి గేమ్‌కి విండోస్ ఎక్స్‌పీ మోడ్ పెట్టినా ఒరిజినల్ డిస్క్ లోపల తిరుగుతున్నా లాభం లేదు. ఆ రక్షణ లేకుండా మళ్లీ అమ్మకానికి వచ్చిన డిజిటల్ కాపీ ఉంటే అది కొనుక్కోవాలి, లేదా పాత విండోస్ ఉన్న పాత పీసీని ఒక మూల ఉంచుకోవాలి. ఇక కొత్త గేమ్‌కి ఎవరో చెప్పారని విండోస్ 7 మోడ్ టిక్ పెట్టి ఉంటే, దాన్ని ఈరోజే తీసేయండి. ఇది పాత విండోస్ అని గేమ్‌తో అబద్ధం చెప్పడమే ఆ టిక్ పని. కొత్త విండోస్ కావాల్సిన గేమ్ ఆ అబద్ధం నమ్మి అక్కడికక్కడే ఆగిపోవచ్చు.