రొదలో దొరికిన కొలత

అనంతపురం పల్లెల్లో ఏ ఇంట్లోనైనా చేసి చూడొచ్చు. రేకు పళ్ళెం మీద గుప్పెడు కొర్రలు ధారగా పోయండి. తర్వాత అంతే బరువు శెనక్కాయ విత్తనాలు, అంతే సేపట్లో పోయండి. పడిన బరువు ఒకటే. కానీ కొర్రలు సర్రున జారతాయి, శెనక్కాయలు టపటపలాడతాయి. కళ్ళు మూసుకున్నా చప్పుడులోని ఎగుడుదిగుళ్ళే గింజ ఎంతదో చెప్పేస్తాయి. సెరటోనిన్ నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనం. దానితో తెరుచుకునే అయాన్ చానల్, అంటే కణం పొరలో ఆవేశమున్న అయాన్లు పోయే సన్నని దారి, ఒక్కోటి ఎంత చిన్న కరెంటునిస్తుందో తేల్చింది ఈ లెక్కే.

సెరటోనిన్‌ను పట్టుకునే ప్రోటీన్లు, అంటే గ్రాహకాలు, ఏడు కుటుంబాలు. ఆరు కుటుంబాలు కణం లోపల కబురు అందించే జి-ప్రోటీన్లను కదిలించి నిదానంగా పని చేస్తాయి. 5-హెచ్‌టీ3 ఒక్కటే తానే ద్వారం: ఐదు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా చేరితే మధ్యలో రంధ్రం. సెరటోనిన్ అంటుకున్న కొన్ని మిల్లీసెకన్లలో తెరుచుకుంటుంది. సోడియం, పొటాషియం రెండింటినీ ఇంచుమించు సమానంగా పోనిస్తుంది కాబట్టి దాని కరెంటు దిశ మారేది సున్నా మిల్లీవోల్టుల దగ్గర. నాడీకణం విశ్రాంతిలో −60, −70 దగ్గర ఉంటుంది. అందుకే ద్వారం తెరవగానే సోడియం లోపలికి దూకి కణాన్ని రేపుతుంది. సెరటోనిన్ అక్కడే నిలిచిపోతే మాత్రం సెకన్లలో చానల్ మొద్దుబారుతుంది.

1991లో డేవిడ్ జూలియస్ బృందం ఈ 5-హెచ్‌టీ3 చానల్‌లోని ‘ఎ’ రకం ముక్క జన్యువును పట్టుకుంది. మిరపకారం మంటను గుర్తించే గ్రాహకానికి 2021లో నోబెల్ అందుకున్నదీ ఆయనే. ఆ ఒక్క ముక్కతో చేసిన చానళ్ళున్న కణానికి సెరటోనిన్ తగిలిస్తే మొత్తం కరెంటు బాగానే వస్తుంది. ఒక్కో చానల్ తెరుచుకునే మెట్టు మాత్రం కనబడదు. కణం కరెంటును కొలిచే ప్యాచ్ క్లాంప్ పరికరం సొంత రొదలోనే అది మునిగిపోతుంది.

అప్పుడు చేసే పని ఇది. కణాన్ని −60 మిల్లీవోల్టుల దగ్గర పట్టి ఉంచి, సెరటోనిన్ చాలా పలుచగా, 1 మైక్రోమోలార్‌కు మించకుండా ఇస్తారు. కొద్ది చానళ్ళే తెరుచుకోవాలి, కిటుకంతా అక్కడే ఉంది. సగటు కరెంటు (పోసిన మొత్తం బరువు లాంటిది) 100 పికోఆంపియర్లు, దాని విస్తృతి, అంటే ఎగుడుదిగుళ్ళ కొలత, 3 పికోఆంపియర్ల వర్గం అనుకుందాం. ఎగుడుదిగుళ్ళను సగటుతో భాగిస్తే ఒక్కో గింజ సైజు తేలుతుంది: 3ని 100తో భాగిస్తే ఒక్క చానల్ కరెంటు 0.03 పికోఆంపియర్లు. దాన్ని 60 మిల్లీవోల్టులతో భాగిస్తే వాహకత్వం, అంటే చానల్ కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందో, 0.5 పికోసీమెన్లు. ఆ 0.03 పికోఆంపియర్లంటే సెకనుకు సుమారు 2 లక్షల అయాన్లు. వినడానికి ఎక్కువే, చానళ్ళ లోకంలో ఇది సన్నని చుక్క.

ఈ లెక్క తప్పే దారులు చాలా ఉన్నాయి. సెరటోనిన్ ఇవ్వకముందున్న రొదను తీసేయకపోతే జవాబు పెద్దదిగా వస్తుంది. ఫిల్టర్ మరీ బిగిస్తే వేగమైన కదలికలు పోయి చిన్నదిగా వస్తుంది. సెరటోనిన్ ఎక్కువైతే సగానికి పైగా చానళ్ళు తెరుచుకుంటాయి, అప్పుడు ఈ నేరు భాగాహారం చెల్లదు. ద్రవం మార్చే గొట్టం నిదానమైతే కరెంటు శిఖరం చేరకముందే చానళ్ళు మొద్దుబారిపోతాయి. రెండు కొలతల మధ్య రెండు మూడు నిమిషాలు కడగకపోతే రెండోది తగ్గిపోయి కనిపిస్తుంది, తప్పు కణానిదని పొరబడతాం.

ఇదే చానల్‌లో చేరే మరో రకం ముక్క, ‘బి’, తోడైతే వాహకత్వం ఒక్కసారిగా 16 పికోసీమెన్ల దాకా పెరుగుతుంది. కారణం రంధ్రం మధ్యలో కాదు, కణం లోపలి వైపు గుమ్మం దగ్గర ఉంది. ‘ఎ’ ముక్కలో అక్కడ ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాలు మూడు ఉంటాయి. ధనావేశంతో అవి ధన అయాన్లను నెట్టేస్తాయి. ఆ మూడింటి స్థానంలో ‘బి’లో ఉండే అమైనో ఆమ్లాలను పెడితే ఒంటరి ‘ఎ’ చానల్ కూడా పదుల రెట్లు పెద్ద కరెంటునిస్తుంది. రంధ్రాన్ని ముట్టుకోకుండా గుమ్మం మార్చినందుకే ఇంత తేడా రావడం నాకైతే ఈ కథలో అన్నిటికన్నా అందమైన విషయం.

క్యాన్సర్‌కు కీమో ఎక్కించే ముందు ఇచ్చే వాంతుల మందు ఒండాన్‌సెట్రాన్ ఈ చానల్ మీదే సెరటోనిన్ కూర్చునే చోటును ఆక్రమిస్తుంది. కీమో మందు పేగు గోడ కణాల నుంచి సెరటోనిన్‌ను ఎగదోస్తుంది, అది పేగు నుంచి మెదడుకు కబురు మోసే వేగస్ నాడి చివర్ల చానళ్ళను తెరిస్తే వాంతి వస్తుంది. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కే బస్సులో తిప్పే కడుపుకు మాత్రం ఈ మాత్ర అంతగా పని చేయదు. ఆ కబురు లోచెవి నుంచి వస్తుంది. దాన్ని మోసేవి ముఖ్యంగా హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే వేరే రసాయనాలు.