తెల్ల పొడికి రంగు పట్టిస్తే కరెంటు

గోడలకు వేసే తెల్ల పెయింట్‌లో ఉండే పొడి పేరు టైటానియం డయాక్సైడ్. కంటికి కనిపించే వెలుగును అది పీల్చుకోదు, అందుకే తెల్లగా ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు మాత్రమే దానికి పనికొస్తాయి. అలాంటి పొడితో సోలార్ సెల్ చేస్తామంటే ఎవరైనా నవ్వుతారు.

కానీ వెలుగును పట్టే పనిని పొడికి అంటించిన ఒక రంగుకు అప్పగిస్తే సెల్ పనిచేస్తుంది. చేసే పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది. సుమారు 20 నానోమీటర్ల రేణువులను గాజు పలక మీద పలచగా పూసి కాలుస్తారు. దాన్ని రుథేనియం అనే లోహం ఉన్న రంగు కలిపిన ద్రావణంలో రాత్రంతా నానబెడతారు. పొద్దున తీసేసరికి తెల్లటి పొర ముదురు ఎరుపులోకి తిరిగి ఉంటుంది. పైపైన కడిగితే ఆ రంగు పోదు. రంగు అణువు చివర ఉన్న కార్బాక్సిల్ అనే ఆమ్ల గుంపులు టైటానియం డయాక్సైడ్‌ను (ఇకపై ఆక్సైడ్ అందాం) అంత గట్టిగా పట్టుకుంటాయి. నున్నటి పలక మీద ఒక్క వరుస అణువులు వెలుగులో ఒక శాతం కూడా పట్టలేవు. స్పాంజిలాంటి ఈ పొర లోపలి ఉపరితలం వందల రెట్లు ఎక్కువ కాబట్టే పని జరుగుతుంది. 1991లో శాస్త్రవేత్తలు మైఖేల్ గ్రాట్జెల్, బ్రయాన్ ఓరెగన్ ఈ కిటుకుతోనే వెలుగును కరెంటుగా మార్చడంలో 7 శాతం సామర్థ్యం సాధించారు. 1993లో నజీరుద్దీన్ బృందం ఎన్3 అనే రంగుతో దాన్ని 10 శాతానికి చేర్చింది.

ఇంతకీ లోహం ఎందుకు? ఎన్3 అణువు నడుమ రుథేనియం, దానికి ఒక పక్క బైపిరిడిన్‌లు అనే రెండు ఉంగరాల్లాంటి కర్బన గుంపులు, మరో పక్క థయోసయనేట్‌లు అనే రెండు చిన్న గుంపులు ఉంటాయి. వెలుగు తగలగానే ఎలక్ట్రాన్ లోహాన్ని వదిలి బైపిరిడిన్ మీదికి దూకుతుంది. ఆక్సైడ్‌ను పట్టుకుని ఉన్నది ఆ బైపిరిడినే! అంటే ఎలక్ట్రాన్ అప్పటికే గడప మీద నిలబడినట్టు. సెకనులో లక్షకోట్ల వంతు కూడా పట్టకుండా చాలావరకు లోపలికి వెళ్లిపోతుంది. అది వదిలిన ఖాళీ మాత్రం అవతలి పక్క, రుథేనియం, థయోసయనేట్‌ల దగ్గర మిగిలిపోతుంది. ఎలక్ట్రాన్ వెనక్కి వచ్చేలోపే సెల్‌లో నింపిన మరో ద్రావణంలోని అయొడైడ్ తన ఎలక్ట్రాన్ ఇచ్చి ఆ ఖాళీని పూడ్చేస్తుంది. నాకైతే ఈ కథలో అన్నిటికంటే ముచ్చటేసేది ఈ అమరికే.

చిక్కల్లా రుథేనియం అరుదైన లోహం కావడమే. ఆవర్తన పట్టికలో సరిగ్గా దాని నెత్తిన ఉన్న ఇనుము చవక, కావలసినంత దొరుకుతుంది. ఇనుము నడుమ ఉన్న ఇలాంటి మామూలు అణువుల్లో మాత్రం ఎలక్ట్రాన్ బైపిరిడిన్ మీద నిలవదు. లోహం దగ్గరే ఉన్న తక్కువ శక్తి మెట్టులోకి సుమారు 100 ఫెమ్టోసెకన్లలో (సెకనులో లక్షకోట్ల వంతులో పదో వంతు) జారిపోతుంది, పట్టిన వెలుగు వేడిగా మారిపోతుంది. బైపిరిడిన్‌ల బదులు లోహాన్ని ఇంకా గట్టిగా పట్టుకునే కార్బీన్ అనే కర్బన గుంపులు తగిలిస్తే ఆ మెట్టు పైకి లేస్తుంది. 2015లో అలాంటి ఒక ఇనుప రంగు, పీల్చిన ఫోటాన్లలో (వెలుగు కణాల్లో) 92 శాతాన్ని ఆక్సైడ్‌లోకి చేరిన ఎలక్ట్రాన్లుగా మార్చిందని తేలింది. కానీ వెళ్లినవాటిలో చాలా భాగం చప్పున తిరిగొచ్చేశాయి.