నది ఒడ్డు మార్కెట్లు ఎందుకు వెలవెలబోయాయి: యాభై ఏళ్ల నేపథ్యం

అమెరికాలో డౌన్‌టౌన్‌లో, అంటే ఊరి నడిబొడ్డున, నది ఒడ్డున కట్టిన మార్కెట్ ఏదైనా దెబ్బతిన్నదంటే, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి వచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. పార్కింగ్ పెంచండి. వారాంతాల్లో సంగీత కార్యక్రమాలు పెట్టండి. పేరున్న రెస్టారెంట్ ఒకటి తీసుకురండి. అడ్డంగా ఉన్న గోడ తీసేసి వీధిలోంచి నది కనపడేలా చేయండి. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నగరం ఇవన్నీ ఏళ్ల తరబడి చర్చించి, చివరికి 2019లో ఆ మార్కెట్‌నే తిరిగి కొని కూల్చేయాలని నిర్ణయించుకుంది. ఆ సలహాలు చెడ్డవి కావు. అయితే ఈ మార్కెట్లను మొదట ఎవరి కోసం, ఎవరి డబ్బుతో, ఏ లెక్క వేసుకుని కట్టారో తెలియకుండా వాటిలో ఏది పనికొస్తుందో చెప్పలేం.

నది ఒడ్డు ఖాళీ కావడంతో ఈ కథ మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం దాకా అమెరికా నగరాల్లో ఒడ్డంటే పని జరిగే చోటు. రేవులు, గిడ్డంగులు, చేపల మార్కెట్లు, రైలు పట్టాలు అన్నీ అక్కడే ఉండేవి. 1956లో రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. సరుకును పెద్ద ఇనప పెట్టెల్లో ఓడ ఎక్కించే కంటైనర్ పద్ధతి ఆ ఏడాదే మొదలైంది. దానికి విశాలమైన స్థలం, లోతైన నీళ్లు కావాలి కాబట్టి రేవులు మెల్లమెల్లగా ఊరి నడిబొడ్డు వదిలి దూరం జరిగాయి. అంతర్రాష్ట్ర హైవేల చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. రోడ్లు పడ్డాక మధ్యతరగతి కుటుంబాలు శివార్లకు వెళ్లిపోయాయి, వాళ్ల వెనకే దుకాణాలూ వెళ్లాయి. జాక్సన్‌విల్‌లో 1950లలో మేయర్ హేడన్ బర్న్స్ హయాంలో సెయింట్ జాన్స్ నది ఒడ్డున పాత రేవుకట్టలు తీసేసి, మంచి స్థలమంతా కార్ల పార్కింగ్‌కు ఇచ్చేశారు. చాలా ఊళ్లలో ఇదే జరిగింది.

శివార్లకు తరలిపోయిన జనం కోసం మాల్స్ కట్టినవాళ్లలో జేమ్స్ రౌస్ ఒకడు. మేరీలాండ్ రాష్ట్రం ఈస్టన్‌లో 1914లో పుట్టాడు. బాల్టిమోర్ శివారులో 1958లో తెరిచిన హారన్‌డేల్ మాల్ ఆయనదే. 1967లో కొలంబియా అనే కొత్త పట్టణాన్నే కట్టించాడు. డౌన్‌టౌన్‌లకు గిరాకీ లేకుండా చేసిన మార్పులో భాగస్వామి అయిన ఆ మనిషే తర్వాత డౌన్‌టౌన్‌లను బతికించే పని నెత్తికెత్తుకున్నాడు. లాభం కోసమే ఆ పని చేశాడని నేను అనుకోను. నగరం అంటే ఆయనకు నిజంగా ప్రేమ. అయితే ఆయన వెంట తెచ్చిన పనిముట్లన్నీ మాల్ వ్యాపారంలో నేర్చుకున్నవే, ఇబ్బంది అక్కడే వచ్చింది.

బోస్టన్‌లో క్విన్సీ మార్కెట్ 1826లో కట్టిన రాతి భవనం. 1960ల నాటికి శిథిలమై కూల్చివేత అంచుకు వచ్చింది. దాన్ని బాగు చేసి చిన్న తిండి దుకాణాలతో నింపాలన్న ఆలోచన వాస్తుశిల్పి బెంజమిన్ థాంప్సన్, డిజైనర్ జేన్ థాంప్సన్ దంపతులది. రౌస్ కంపెనీ పెట్టుబడి పెడతానంది. బోస్టన్ బ్యాంకులు నమ్మలేదు, అప్పు ఇవ్వడానికి వెనకాడాయి. 1976 ఆగస్టు 26న ఫానియల్ హాల్ మార్కెట్‌ప్లేస్ పేరుతో తెరిచే సమయానికి దుకాణాలు పూర్తిగా నిండలేదు. ఖాళీ కనపడకుండా చేతిపనుల వాళ్లకు, చిన్న వ్యాపారులకు తోపుడు బండ్లు ఇచ్చి మధ్యలో నిలబెట్టారు. అవసరం కొద్దీ చేసిన ఆ సర్దుబాటే జనానికి అన్నిటికంటే నచ్చింది. మొదటి ఏడాదే కోటి మంది వచ్చారని అంచనా.

బోస్టన్‌లో అది ఎందుకు ఆడిందో చూడాలి. నడిచివెళ్లే దూరంలో నార్త్ ఎండ్ అనే పాత నివాస ప్రాంతం ఉంది. మరోవైపు వేల మంది పనిచేసే ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు. విద్యార్థులకు కొదవలేదు. భవనానికి నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. వీటిలో ఒక్కటి కూడా రౌస్ కంపెనీ కట్టింది కాదు. మిగతా నగరాలకు కనపడింది మాత్రం గాజు, ఇటుక, తోపుడు బండ్లు, రంగు రంగుల జెండాలు.

తర్వాతి విజయం బాల్టిమోర్‌ది. అక్కడి హార్బర్‌ప్లేస్‌కు పాత భవనం లేదు, నీటి ఒడ్డున ప్రజల పార్కు ఉంది. ఆ పార్కులో ప్రైవేటు దుకాణాలు పెట్టనివ్వాలా అని 1978లో నగర ప్రజలే ఓటు వేశారు. దగ్గర్లోని లిటిల్ ఇటలీ రెస్టారెంట్ల వాళ్లు తమ గిరాకీ పోతుందని వ్యతిరేకించారు. మేయర్ విలియం డొనాల్డ్ షేఫర్ పట్టుబట్టి ప్రచారం చేశాడు, అనుకూల పక్షం గెలిచింది. 1980 జులై 2న తెరిచారు. మరుసటి ఏడాది ఆగస్టులో పక్కనే జాతీయ అక్వేరియం వచ్చింది, అదే నెలలో టైమ్ పత్రిక రౌస్ బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ఆ తర్వాత దేశంలో ప్రతి మేయరుకూ నీటి ఒడ్డున అలాంటిది ఒకటి కావాలనిపించింది.

ఈ మార్కెట్ల లెక్క మామూలు మాల్ లెక్క కాదు. మాల్‌లో రెండు చివర్లా పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఉంటాయి, వాటి కోసం వచ్చినవాళ్లు మధ్యలో దుకాణాలు చూసుకుంటూ పోతారు. ఇక్కడ పెద్ద స్టోరు ఉండదు. తిండి, సందడి, నీటి గాలి, అవే జనాన్ని లాగాలి. అంటే వచ్చేవాళ్లకు తప్పనిసరి అవసరం ఏదీ లేదు, సరదా ఉంటేనే వస్తారు. అద్దెలు మాత్రం మాల్ తరహావే. కనీస అద్దె, దానికి తోడు అమ్మకాల్లో వాటా, ఉమ్మడి స్థలం నిర్వహణ ఖర్చు. మార్కెట్ తెరిచి ఉన్నంతసేపూ దుకాణం తెరిచే ఉంచాలన్న షరతు ఒకటి. ఇద్దరు మనుషులతో నడిచే చిన్న కొట్టుకు ఇది మోయలేని బరువు. చలికాలంలో మూడు నెలలు గిరాకీ పడిపోతే చైన్ షాపు తట్టుకుంటుంది, సొంత కొట్టు తట్టుకోలేదు. అందుకే ఊరికి ప్రత్యేకమైన దుకాణాలతో మొదలైన చోట్ల కొన్నేళ్లకు ఏ మాల్‌లోనైనా దొరికే టీషర్టులూ మిఠాయిలే మిగిలాయి.

నగరాల అభివృద్ధికి డబ్బు సాయం చేసేందుకు ఫెడరల్ ప్రభుత్వం 1977లో మొదలుపెట్టిన అర్బన్ డెవలప్‌మెంట్ యాక్షన్ గ్రాంట్ లాంటి పథకాలు ఈ ఊపును ఇంకా పెంచాయి. కంపెనీ నుంచి తప్పుకున్నాక రౌస్ పేదల ఇళ్ల కోసం ఎంటర్‌ప్రైజ్ ఫౌండేషన్ పెట్టాడు. దానికి నిధులు సమకూర్చాలన్న ఉద్దేశంతో చిన్న నగరాల్లో మార్కెట్లు కట్టే సంస్థ ఒకటి నడిపాడు. ఉద్దేశం మంచిదే, చోట్లే కలిసిరాలేదు. ఒహాయోలో మౌమీ నది ఒడ్డున టొలీడో నగరం 1984లో పోర్ట్‌సైడ్ తెరిచింది, 1990కల్లా మూసేసింది. ఆ ఊరి జనాభా 1970లో 3,83,818, 1990 నాటికి 3,32,943. మిషిగన్‌లోని ఫ్లింట్ నగరంలో నది పక్కన 1985లో వాటర్ స్ట్రీట్ పెవిలియన్ వచ్చింది. ఫ్లింట్ జనాభా 1960లో 1,96,940 ఉంటే 1990లో 1,40,761. కార్ల ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోతున్న ఊళ్లో జనం సరదాగా తిరిగి ఖర్చు పెడతారనుకోవడం ఏ లెక్కకూ అందదు. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో 1985లో కట్టిన సిక్స్త్ స్ట్రీట్ మార్కెట్‌ప్లేస్ కూడా నిలవలేదు.

ఇక జాక్సన్‌విల్. ఇది జనాభా తగ్గుతున్న ఊరు కాదు, పెరుగుతున్న ఊరు. అందుకే దీని కథ ఎక్కువ నేర్పుతుంది. మేయర్ జేక్ గాడ్‌బోల్డ్ పట్టుదలతో రౌస్ కంపెనీ కట్టిన జాక్సన్‌విల్ లాండింగ్ 1987 జూన్ 25న తెరుచుకుంది. నారింజ రంగు కప్పు, నది వైపు తెరుచుకున్న గుర్రపు నాడా ఆకారం, మధ్యలో పెద్ద ప్రాంగణం. నది వైపు నుంచి చూస్తే అందంగా ఉండేది. ఊరి వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎదురయ్యేది భవనం వీపు. మొదట్లో జనం కిటకిటలాడారు. 1990లలో పేరున్న దుకాణాలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.

కారణం ఊరి పటంలోనే ఉంది. 1968లో నగరం, కౌంటీ కలిసిపోవడంతో జాక్సన్‌విల్ దాదాపు 2,200 చదరపు కిలోమీటర్ల ఊరైంది. జనాభా పెరిగిందంతా దూరంగా ఉన్న శివార్లలో. డౌన్‌టౌన్‌కు ఉద్యోగులు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారు, రాత్రి అక్కడ నిద్రపోయేవాళ్లు చాలా తక్కువ. 2005లో దక్షిణం వైపు సెయింట్ జాన్స్ టౌన్ సెంటర్ తెరిచాక షాపింగ్ కోసం నది దాకా రావాల్సిన పనే లేకుండా పోయింది. ఫ్లోరిడా, జార్జియా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగే వారాంతంలో లాండింగ్‌లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. 2005లో అక్కడ జరిగిన సూపర్ బౌల్‌కీ, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్‌కీ, అంతే. అయితే దుకాణదారు ఏడాదికి పన్నెండు నెలలూ అద్దె కట్టాలి. కార్యక్రమాలు పెంచండి అనేవాళ్లు మామూలు మంగళవారం మధ్యాహ్నం లెక్క కూడా చెప్పాలి.

లాండింగ్ స్థలం నగరానిది, దాన్ని లీజుకు తీసుకుని కట్టిన భవనం ప్రైవేటుది. ఈ చీలిక వల్ల ఎవరూ గట్టిగా అడుగు వేయలేకపోయారు. 2003లో రౌస్ కంపెనీ నుంచి స్లైమన్ ఎంటర్‌ప్రైజెస్ భవనాన్ని కొన్నది. పార్కింగ్ ఎవరు ఇవ్వాలన్న తగువు ఏళ్ల తరబడి నడిచింది. భవనం తీసేసి అపార్ట్‌మెంట్లు, దుకాణాలు కట్టి, వీధిని నది దాకా తెరవాలన్న ప్రతిపాదనలు వచ్చాయి, ఆగిపోయాయి. 2018 ఆగస్టు 26న అక్కడ వీడియో గేమ్ పోటీలో ఒక ఆటగాడు కాల్పులు జరిపి ఇద్దరిని చంపి తానూ కాల్చుకున్నాడు. మరుసటి ఏడాది నగర కౌన్సిల్ సుమారు 1.8 కోట్ల డాలర్ల ఒప్పందానికి ఒప్పుకుంది. అందులో 1.5 కోట్లు లీజు వెనక్కి తీసుకోవడానికి, మిగతాది కూల్చివేతకు, దుకాణదారులను పంపించడానికి. 2020లో కూల్చివేత పూర్తయింది. ఆ స్థలాన్ని రివర్‌ఫ్రంట్ ప్లాజా అనే పార్కుగా మార్చే పని పెట్టుకున్నారు. పార్కు రావడం నాకు సంతోషమే. కానీ చివరి రోజు దాకా కొట్టు తెరిచి ఉంచిన చిన్న వ్యాపారులకు పాతికేళ్ల ముందే న్యాయమైన అద్దె, చుట్టూ కొన్ని వేల ఇళ్లు ఇచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదని గట్టిగా నమ్ముతాను.

ఆ నమ్మకానికి ఆధారం సియాటిల్‌లో ఉంది. అక్కడి పైక్ ప్లేస్ మార్కెట్ 1907 ఆగస్టు 17న మొదలైంది. ఉల్లిపాయల ధర విపరీతంగా పెరిగిపోతే, దళారులు లేకుండా రైతులే నేరుగా అమ్మాలని పెట్టిన మార్కెట్ అది. 1960లలో దాన్ని పడగొట్టి హోటళ్లు, ఆఫీసులు కట్టాలనుకున్నారు. వాస్తుశిల్పి విక్టర్ స్టైన్‌బ్రూక్ ముందుండి నడిపిన ఉద్యమంతో 1971లో ప్రజలు ఓటు వేసి కాపాడుకున్నారు. 1973 నుంచి ఒక ప్రభుత్వ సంస్థ నడుపుతోంది. చైన్ షాపులకు కట్టుబాట్లు ఉన్నాయి, యజమాని దుకాణంలో ఉండి నడపాలన్నది అక్కడి పద్ధతి. మార్కెట్ లోపలే తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులతో సహా కొన్ని వందల మంది కాపురం ఉంటున్నారు. క్లినిక్, పిల్లల సంరక్షణ కేంద్రం, ఉచితంగా ఆహారం పంచే కేంద్రం ఉన్నాయి. పర్యాటకులు విరగబడి వస్తారు, నిజమే. కానీ వాళ్లు రాని రోజున కూడా అక్కడ కూరగాయలు కొనేవాళ్లు ఉంటారు.

అన్ని చోట్లా దీన్నే దించేయలేం. టెనెసీలోని చాటనూగా దుకాణాలతో మొదలుపెట్టలేదు. 1969లో దేశంలోకెల్లా గాలి చెడిపోయిన నగరమని పేరుపడ్డ ఊరు అది. 1984లో పౌరులను కూర్చోబెట్టి ఏం కావాలో అడిగారు. నది వెంట నడకదారి వేశారు, 1992లో అక్వేరియం తెరిచారు, మరుసటి ఏడాది పాత వాల్‌నట్ స్ట్రీట్ వంతెనను నడిచేవాళ్లకే ఇచ్చేశారు. డబ్బు ఖర్చు పెట్టకుండా ఒడ్డుకు రాగలిగితే జనానికి అలవాటవుతుంది, అమ్మకాలు ఆ తర్వాత వస్తాయి. పాత తరహా మార్కెట్లలో కొన్ని రూపం మార్చుకున్నాయి. న్యూ ఆర్లీన్స్ రివర్‌వాక్ 2014లో తగ్గింపు ధరల అవుట్‌లెట్ మాల్‌గా మారింది. నార్ఫోక్ వాటర్‌సైడ్ 2017లో రెస్టారెంట్లు, బార్ల కేంద్రంగా మళ్లీ తెరుచుకుంది. ఇవి మూతపడిన భవనాల కంటే నయం. కానీ రెండూ వచ్చిపోయే జనం మీదే ఆధారపడ్డాయి కాబట్టి పాత బలహీనత అలాగే ఉంది.

కాబట్టి ఒడ్డున ఒక మార్కెట్ నీరసించినప్పుడు నేను మొదట అడిగేది పార్కింగ్ గురించి కాదు. పది నిమిషాల నడక దూరంలో ఎంతమంది నివసిస్తున్నారు? లీజు ఎవరి చేతిలో ఉంది, ఎన్నేళ్లు మిగిలింది? తోపుడు బండి వ్యాపారి నెలవారీగా జాగా తీసుకుని, నచ్చకపోతే అప్పు మిగలకుండా వెళ్లిపోగలడా? ఊళ్లోవాళ్లకు అక్కడ వారం వారం తీరే పని ఏదైనా ఉందా? ఒక మందుల షాపు, కూరగాయల అంగడి, గ్రంథాలయ శాఖ, పడవ ఎక్కే రేవు, ఏదైనా సరే. టొలీడో ఈ దారి ఆలస్యంగా పట్టింది. మూతపడ్డ పోర్ట్‌సైడ్ 1997లో పిల్లల సైన్స్ కేంద్రమైంది, పన్ను మద్దతు దొరక్క 2007 చివర మూతపడింది, ప్రజలు పన్నుకు ఒప్పుకున్నాక 2009లో ఇమాజినేషన్ స్టేషన్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఫ్లింట్ పెవిలియన్ మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లదై విద్యార్థులతో నిండింది.

అందరూ అనుకరించిన బాల్టిమోర్‌లో హార్బర్‌ప్లేస్ 2019లో ఆస్తి చూసుకోవడానికి కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళ్లింది. 2022లో స్థానిక సంస్థ ఎంసీబీ రియల్ ఎస్టేట్ తీసుకుని, పాత పెవిలియన్లు తీసేసి నివాస టవర్లు, ఆఫీసులు, దుకాణాలు, పెద్ద పార్కు కడతామంది. పార్కు స్థలంలో ఇళ్లు కట్టాలంటే నగర చార్టర్, అంటే నగర పాలనకు మూలమైన చట్టం, మార్చాలి. ప్రజల స్థలాన్ని ఖరీదైన అపార్ట్‌మెంట్లకు ఇచ్చేస్తున్నారని కొందరు గట్టిగా అడ్డుకున్నారు. 2024 నవంబరులో ఓటింగ్ జరిగింది, మార్పు నెగ్గింది. ఆ ఇళ్లలో మామూలు జీతగాడు ఉండగలడా, కింది అంతస్తులో బాల్టిమోర్ చిన్న వ్యాపారికి ఎంత జాగా, ఎంత అద్దెకు దొరుకుతుంది అన్నవి ఓటు కాగితం మీద లేవు. అవి ఇక లీజులు రాసేటప్పుడు తేలాలి, నగరం గట్టిగా అడగాల్సింది అప్పుడే.